తాడు చివర

పుంటా అరెనాస్‌లో గాలి తలుపు తట్టి రాదు.
వచ్చాక కూర్చోదు.
వసంతం మొదలైందంటే చాలు
కూడళ్లలో స్తంభం నుంచి స్తంభానికి తాళ్లు కడతారు
పెద్దవాళ్లు పట్టుకుని రోడ్డు దాటడానికి.

మా పిల్లల తాడు వేరు.
ఓతిలియా మన్సీయా కట్టింది.
రేవులో ఎవరో పారేసిన పడవతాడు
మూడుసార్లు ఉతికినా ఇంకా కాస్త చేప వాసనే.
మూరకో ముడి, ముడికో పిల్ల,
మొత్తం పద్నాలుగు.

కాగితాల మీద నేను టీచర్ని, ఆమె సహాయకురాలు.
పిల్లల నోట్లో ఇద్దరం టియాలమే.
టియా అంటే పిన్ని అనుకోండి, అత్త అనుకోండి,
చీమిడి తుడిచే చెయ్యి ఎవరిదైతే వాళ్లు.

మొన్న మంగళవారం ఆమె రాలేదు.
దవడపన్ను పీకించుకోవాలంది.
తొమ్మిదేళ్లలో మొదటి సెలవు.
ఒక్క రోజేగా, అన్నాను.

హీటరు మీట ఎటు తిప్పాలో తెలియక
కోటు విప్పకుండానే హాజరు వేశాను.
ఎలిసేయో గుమ్మంలోనే ఏడుపు అందుకున్నాడు,
వాళ్ల నాన్న పీతల పడవెక్కిన వారం అది.
మోకాళ్ల మీద కూర్చుని
చదువుకున్న మాటలన్నీ చెప్పాను:
నీకు బాధగా ఉందని నాకు తెలుసు, బాధపడటం తప్పు కాదు.
వాడు నన్ను
సరిహద్దులో పెట్టె సోదా చేసే అధికారిని చూసినట్టు చూశాడు.
"బొత్తాల డబ్బా ఇవ్వాలి," అంది పక్కనుంచి అంపారో,
"రెండు చిల్లులవి ఏరమనాలి. అంతే."
ఏరాడు.
పదకొండోది దొరికేసరికి ముక్కు ఎగబీల్చి
నాకూ ఒకటి ఇచ్చాడు.

చేతి తొడుగులు వేయడం కూడా వాళ్లే నేర్పారు.
"లావు తాతని ముందు ఇంట్లోకి పంపు టియా,
మిగతా నలుగురూ వాళ్లే వెళ్తారు."
పడుకునే వేళ రొసామెల్ వీపు ఎంత జోకొట్టినా
కళ్లు పత్తికాయల్లా విచ్చుకునే ఉన్నాయి.
చీకట్లోంచి నాలుగు గొంతులు:
"వీపు కాదు! అరికాలు! ఎడమది!"

నా బీరువాలో ఏడాది పాఠాల పట్టిక ఉంది
తారీఖులతో సహా.
ఎవరి నిద్ర ఏ అరికాలిలో ఉందో
అందులో ఎక్కడా లేదు.

మధ్యాహ్నం నీటికాకుల్ని చూపిస్తానని బయల్దేరదీశాను.
ఎప్పటిలాగే తాడు మొదట్లో నేను.
రొట్టెల కొట్టు మలుపులో గాలి పక్కనుంచి కొట్టింది.
వెనక్కి తిరిగితే
తోక తెగిన గాలిపటం దారంలా తాడు ఊగుతోంది,
ఆఖరి ముడి దగ్గర ఎలిసేయో ఒక్కడూ
రెండు చేతులతో, నవ్వాలో ఏడవాలో తేలక.

అందరం అక్కడే నేల మీద చతికిలబడ్డాం.
కొట్టువాడు వచ్చి ఏమైందని అడిగాడు.
గాలి తగ్గేదాకా పాఠం, అన్నాను.
పక్షుల్ని చూడకుండానే తిరిగొచ్చాం.

బుధవారం ఆమె వచ్చింది,
బుగ్గ బూరెలా ఉబ్బి, నోట్లో దూది,
మాట్లాడొద్దని వైద్యుడి ఆజ్ఞ.
నిన్నటి సంగతంతా పద్నాలుగు మందీ ఒకేసారి చెప్పారు,
నేను కింద కూర్చోవడం మాత్రం విడివిడిగా, నటించి మరీ.
ఆమె నవ్వబోయి దవడ పట్టుకుంది.

రాత్రంతా కూర్చుకున్న మాటలు నా దగ్గర ఉన్నాయి.
దగ్గరికి వెళ్లి,
"మీట కుడివైపుకా?" అన్నాను.
ఎడమకి తిప్పి చూపించింది.
నీలంగా వెలిగింది మంట.

మధ్యాహ్నం మళ్లీ తాడు తీశాం.
అదే మలుపు, అదే రొట్టెల వాసన,
గాలి కూడా నిన్నటిదే.
వెనక ఎక్కడో ఎవరో
మాటా పలుకూ లేకుండా కాలు నిలదొక్కుకున్నారు.
నా అరచేతిలో తాడు
బిగిసింది.

నీటికాకులు ఆ పాత కర్రల వంతెన మీద
వరుసగా, ఎదురుగాలికి ముక్కులు పెట్టి.
అంపారో లెక్కపెట్టడం మొదలెట్టింది.