యాభై ఆరో వరుస

హెలెనాలో, మూడో అంతస్తులో
హీటరు పక్కన నా బల్ల.
మూడు నెలలకోసారి మాంటానా జీతాలన్నీ
నా తెర మీదికొచ్చి వరుసల్లో కూర్చుంటాయి.
గనులకో వరుస, బ్యాంకులకో వరుస, ఆస్పత్రులకో వరుస.
యాభై ఆరో నంబరు దగ్గరికొచ్చేసరికి
నా వేలు కాస్త ఆగుతుంది.

పరిపాలనా సహాయం, వ్యర్థాల నిర్వహణ.
ఎవరు కట్టారో వీళ్ళందర్నీ ఒకే గాటన:
ఆఫీసుల్లో అద్దెకు టైపు కొట్టే అమ్మాయిని,
రాత్రిళ్ళు బ్యాంకు నేల తుడిచే ముసలాయన్ని,
ఎవరి బాకీయో ఫోనులో అడిగి తిట్లు తినేవాణ్ణి,
మాల్ తలుపు దగ్గర తుపాకీ లేని కాపలావాణ్ణి,
ఎలుకల మందు పెట్టేవాణ్ణి,
చెత్త బండి వెనక వేలాడే నా తమ్ముణ్ణి.

ఒకరి మొహం ఒకరెరగరు.
ఉన్న పోలిక ఒక్కటే:
వాళ్ళు వచ్చి వెళ్ళిన సంగతి ఎవరికీ తెలియకపోతేనే
పని బాగా చేసినట్టు.

తమ్ముడి పేరు ఆర్విడ్. బ్యూట్‌లో బండి.
తెల్లవారుజాము నాలుగింటికి, సున్నాకి ముప్పై కింద,
డబ్బా మూత మంచుకి కరుచుకుపోతే
సుత్తితో కొడతాడు.
ఆ చప్పుడుకి ఒక్కో కిటికీలో దీపం వెలుగుతుంది.
అప్పుడు మాత్రం తెలుస్తాడు వీధికంతటికీ.

నిన్న లెక్క తేలింది.
యాభై ఆరులో వారం సగటు జీతం
నాలుగు శాతం పెరిగింది.
గీత తోకెత్తిన దూడలా పైకి దూకింది.
"ఎన్నాళ్ళకి!" అంది మా డాగ్నీ స్ట్రోమ్,
రేడియో వాళ్ళకి పంపించింది.

నేను కింది కాగితాలు తిరగేశాను.
ఎవరికీ జీతం పెరగలేదు.
బిల్లింగ్స్‌లో మనుషుల్ని అద్దెకిచ్చే కంపెనీ ఒకటి
డిసెంబరులో మూడువందల నలభైమందిని ఇంటికి పంపింది.
అందరికంటే తక్కువ తీసుకునేవాళ్ళు వాళ్ళే.
వాళ్ళు దిగిపోగానే
మిగిలినవాళ్ళ సగటు తేలింది
బరువు దించిన పడవలా.

కూడిక తప్పు లేదు. భాగహారం తప్పు లేదు.
మూడోసారి చేత్తో చేసి చూశాను.
అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక రాశాను:
ఉద్యోగుల సంఖ్యలో మార్పు వల్ల, అని.
డాగ్నీ కొట్టెయ్యలేదు.
"చదివేవాళ్ళు చదువుతారులే" అంది.

ఆదివారం బ్యూట్ వెళ్ళాను.
ఓవెన్ తలుపు మీద తమ్ముడి గ్లౌజులు ఆరుతున్నాయి.
మెర్లిస్ పాస్టీలు వేడిచేసి పెట్టింది.
"నాకు నాలుగు శాతం పెరిగిందటగా,
రేడియోలో చెప్పారు" అన్నాడు ఆర్విడ్,
"నాకు చెప్పకుండా ఎవరికిచ్చారో కనుక్కో."
నేను నవ్వాను. మెర్లిస్ నవ్వలేదు.
ఆమె చెల్లెలు కోరలీ
ఆ మూడువందల నలభైలో ఒకతె.
నాకు తెలియదు.
పాస్టీ అంచు చాలాసేపు నమిలాను.

సగటు మనిషి, సగటు మనిషి అంటాం.
ఇరవై రెండేళ్ళుగా అతని జీతం లెక్కగట్టేది నేనే.
ఈ హెలెనా వీధుల్లో ఒక్కనాడూ ఎదురుపడలేదు.

బయటికొస్తుంటే ఆర్విడ్ అన్నాడు:
"నీకు మూడు నెలలు పడుతుంది.
నాకు ఒక్క సోమవారం చాలు.
ఇంట్లో ఉద్యోగం పోతే
ముందు సంచి తేలికవుతుంది.
పిజ్జా అట్టలు పోతాయి, తరవాత మాంసం పొట్లాలు.
తరవాత ఓ నెలకి
ఒక్కసారిగా బరువెక్కుతుంది.
కుర్చీలు, పరుపు, పిల్లల సైకిలు.
అంటే ఖాళీ చేస్తున్నారన్నమాట."

ఆ గీత ఏ కాగితం మీదా లేదు.
అతని భుజంలో ఉంది.

రాత్రి ఇంటికొచ్చి
నా చెత్త సంచి గేటు దగ్గర పెడుతూ
ఒకసారి ఎత్తి చూశాను.
ఎంత బరువో
నాకు తెలియలేదు.