పిప్పర్‌మెంటు పువ్వు

పువ్వంటరు గని పువ్వు గుణం ఒక్కటి లేదు దానికి.
పగిలిన గాజు లెక్క, సూది మొనల లెక్క ఉంటది.
బేగంబజార్‌ల గోవర్ధన్ సేఠు
బంగారం తూచినట్టు తూచి
పొట్లం గట్టి ఒక్కటే మాట జెప్తడు:
"కండ్లకు తగలనియ్యకు అమ్మా."

నల్లకుంటల అపార్ట్‌మెంటు గోడ పక్కన
మా ఇస్త్రీ బండి.
మే నెల. నెత్తి మీద రేకు, చేతుల బొగ్గుల డబ్బా.
రెండు పెనాల నడుమ రొట్టె లెక్క నేను.

రాత్రి సీసాల ఏసి పెట్టిన
పిప్పర్‌మెంటు పువ్వు, వామ పువ్వు, ఇంత కర్పూరం.
మూడూ గట్టియే.
నీళ్ళు పొయ్యలె, నిప్పు పెట్టలె,
ఒకదాన్నొకటి ముట్టుకున్నయి, గంతే.
తెల్లారి చూస్తే సీసాల నీళ్ళు.

మూడో అంతస్తు మేడమూ నాలుగో అంతస్తు మేడమూ
బండి పెట్టే జాగ కాడ లొల్లి వెట్టుకొని
ఏడాదాయె.
నలభై మూడు డిగ్రీలకు గూడ కరగలె.

బకెట్ల మూడు సుక్కలు.
దస్తీ ముంచి, పిండి, మెడ మీదేసుకుంటే
అబ్బ!
ఆకు కదలని కాడ గాలొచ్చినట్టు,
రంజను మూత తీసి
లోపటికి తొంగి చూసినట్టు.

రామశేషు సారు రిటైరయిన సైన్సు పంతులు.
బట్టల మూట దించి అన్నడు:
"బాలమణీ, అది చల్లబరచదు.
చల్లగా ఉందని నీ చర్మానికి అబద్ధం చెబుతుంది."
థర్మామీటరు తెచ్చి మరీ చూపిచ్చిండు.
నేను నవ్విన.
ఎరికే సారూ.
మీ అంగీకి నేను దీసే మడత మాత్రం నిజమా?
సిటీ బస్సుల రెండు స్టాపులు నిలుస్తదా?
అయినా రోజూ తెస్తరు గద.

గని ఒక్కటి.
పోయినేడు వాచ్‌మెన్ జంగయ్య
ఇదే రాసుకొని, సల్లగుంది సల్లగుందనుకుంట
పగటీలి గేటు కాడ నిలవడి నిలవడి
కట్టె లెక్క పడ్డడు.
పెయ్యి కాలిపోతుంటే
తోలుకు తెలువనే లేదు.
బతికిండు. గని అప్పటిసంది
దస్తీ తడిపినప్పుడల్లా ఉప్పేసి చెంబెడు నీళ్ళు తాగుత,
ఒంటిగంట కొట్టంగనే డబ్బా దించుత.
అబద్ధాన్ని అబద్ధమని ఎరిగే నమ్మాలె.

మొన్న మూడో అంతస్తు మేడం
కాటన్ చీర ముక్కుకు పెట్టుకుంట వచ్చింది.
తిడ్తదనుకొని దస్తీ ఎనకకు దాసిన.
"ఏదో చల్లటి వాసన. బాగుంది. రేపూ అట్లాగే చెయ్యి."

ఆమె చీరా, నాలుగో అంతస్తామె చీరా
తడి జల్లింది ఒక్క బకెట్ల నీళ్ళతోనే.
ఆ సంగతి జెప్పలె.
తెల్లారి తొమ్మిదిన్నరకు ఇద్దరూ
ఒక్క లిఫ్టుల దిగిండ్రు,
ఒక్క తీరు వాసన గొట్టుకుంట.
లోపల ఏమనుకున్నరో నాకెట్ల ఎరుక.
డబ్బాల బొగ్గులు ఊదుకుంట ఉన్న నేను.