ఖాళీ కాటా మీద మూడు కిలోలు

రెండు విమానాలు మావి.
ఒకటి ఎగిరేది, ఇంకొకటి దానికి విడిభాగాలు ఇచ్చేది.
వంతులు మారుతుండేవి.

బెనీ గడ్డిమైదానంలో తెల్లవారుజామున ఎద్దుల్ని కోసేవాళ్లు.
పొద్దెక్కి ఈగలు లేచేలోపు
ఆ అల్యూమినియం కడుపులోకి
వేడి తగ్గని తొడలూ పక్కటెముకలూ ఎక్కాలి.
కాటా దగ్గర నేను. చెవి వెనక పెన్సిలు. పంతొమ్మిదేళ్లు.
ఆ కాటా ఖాళీగా ఉన్నా మూడు కిలోలు చూపించేది.
బాగు చేయిద్దామంటే ఎలియొదోరో నవ్వేవాడు:
"ఉండనీ. అది కొండ వాటా."

కొండ అంటే ఆండీస్.
దాన్ని దాటి ఎగిరే సత్తువ మా ఇంజన్లకు లేదు.
సందు చూసుకుని,
పొట్టి గుమ్మంలో పొడుగుమనిషిలా తల వంచి దూరాలి.
పైలట్లు పంటి కింద రబ్బరు గొట్టం పెట్టుకుని
గుక్క గుక్కగా గాలి తాగేవాళ్లు.
అవతల లా పాస్.
గుండ్రటి టోపీలు పెట్టుకున్న మాంసపు కొట్ల ఆడవాళ్లు
ఆకాశం కేసి చూస్తూ కత్తులు నూరుకునేవాళ్లు.

తిరుగు ప్రయాణంలో ఎవరు డబ్బిస్తే వాళ్లదే విమానం.
ఉల్లిపాయలు, బీరు, ఒకసారి పియానో,
ఒకసారి పెళ్లికూతురు.
నెత్తురు కడిగిన నేల మీద గోనెలు పరిచాం.
ఆమె గౌను రెండు చేతులా ఎత్తి పట్టుకుని
గంటన్నర నిలబడే వచ్చింది.

కార్నివాల్ మంగళవారం నాడు మెకానిక్ సతుర్నీనో
ప్రొపెల్లరుకి రంగుకాగితాలు చుట్టి సారా చిలకరించేవాడు.
మొదటి గుక్క భూమికి, రెండోది ఇంజనుకి,
మిగతా సీసా తనకి.

ఆ ఏడే మూడో విమానం కొన్నాం. డాలర్ల అప్పు.
ఎలియొదోరో సూటు కుట్టించుకున్నాడు.
ఆ ఎండలో, ఆ సూటులో,
రన్‌వే చివర రాబందుల్ని తోలుతూ!

తర్వాత డబ్బుకి జబ్బు చేసింది.
పొద్దున ఎద్దు ధర, సాయంత్రానికి గుడ్డు ధర.
నోట్లు గోనెల్లో వచ్చేవి.
లెక్కపెట్టే తీరిక లేక నా కాటా మీదే తూచేదాన్ని,
మూడు కిలోలు తీసేసి.
అప్పు మాత్రం డాలర్లలోనే, కదలకుండా కూర్చుంది.

మే పద్నాలుగు.
ఎక్కించిన బరువు: నాలుగువేల ఎనిమిదివందల పది.
దించిన బరువు గడి ఖాళీ.
పైలట్ ఎవరిస్తో. పక్కన సతుర్నీనో,
ఎడమ ఇంజను దగ్గు వినడానికని ఎక్కాడు.
మంచు వాళ్లను ఆగస్టులో తిరిగిచ్చింది.
మాంసం చెడలేదన్నారు.
ఆ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది.

ఆ రాత్రి ఎలియొదోరో కాటా పక్కన కూర్చుని
"ఎక్కువెక్కించామా?" అన్నాడు.
పుస్తకం చూపించాను. చదవలేదు.
పుస్తకంలో లేనిది ఇద్దరికీ తెలుసు:
ఆఖర్న, హడావుడిలో, తూచకుండా ఎక్కిన రెండు తొడలు.
వద్దనలేదు నేను. అతనూ అనలేదు.

మమ్మల్ని ముంచింది మాత్రం అది కాదు. రోడ్డు.
కొండ చెంప గీరుకుంటూ బురదరోడ్డు దిగింది,
దాని మీద చలిపెట్టె లారీలు.
లారీలూ లోయలో పడతాయి.
కాకపోతే చవగ్గా పడతాయి.

మిగిలిన విమానాల రెక్కలు గిన్నెలయ్యాయి.
ఒకదాని పొట్టలో ఎవరివో కోళ్లు పొదిగాయి.
సూటు ఎలియొదోరోతోనే మట్టిలోకి వెళ్లింది.
కాటా నేను తెచ్చుకున్నాను.

ఇప్పుడు నాది ఉల్లిపాయల కొట్టు.
ఏమీ పెట్టకుండానే ముల్లు కదిలిందేమని
కొనేవాళ్లు కళ్లు చిట్లిస్తారు.
తీసేసి లెక్కకడతాలే అంటాను.
తీసేస్తాను కూడా, రోజూ.
మర్నాడు కొట్టు తెరిచేసరికి
మళ్లీ అక్కడే ఉంటాయి.