అరచేతి లెక్క

సునాబెడలో మొదటి షిఫ్టు వదిలాక
త్రినాథ్ ఖరా టీ బండి మీద
ప్రపంచంలోని విన్యాసాల జట్లన్నీ దిగుతాయి
ఓ మూల పగిలిన ఫోను అద్దంలో.

"హాకే హాక్," అంటాడు బెహరా.
తొమ్మిది. ఎరుపూ తెలుపూ.
తోక వెనక మంట లేదు, రంకె లేదు,
పెళ్లి పందిట్లో వడ్డించేవాళ్లలా
ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా తిరుగుతాయి.
పిల్లలకు ఎగరడం నేర్పే విమానమేగా అంటే
"అయితేనేం,
ఓనమాలు దిద్దించే చెయ్యే కదా
అన్నిటికంటే గుండ్రంగా రాసేది?"

దాలినాయుడికి ఆ మాట గిట్టదు.
"అది సైకిలు తొక్కుడురా.
సుఖోయ్‌ని చూడు.
ఏనుగు లేచి వెనక్కాళ్ల మీద నిలబడ్డట్టు
ముక్కు పైకెత్తి గాల్లో ఆగిపోద్ది.
ఒక్క క్షణం
పడిపోవాలన్న సంగతే మర్చిపోద్ది."

మిగ్ ఇరవై తొమ్మిది వచ్చినప్పుడు మాత్రం
ఇద్దరూ నోరు మూస్తారు.
రష్యా జట్టుదే కావచ్చు,
ఆ జాతి ఇంజన్లకు
మా షెడ్డులోనూ బొడ్డు కోశారు.
రంగు కలపకపోయినా దాని పొగ నల్లన.
మేనమామ పోలిక.

నేను లాగ్ పుస్తకం రాసేదాన్ని.
నాకు దూరాలు కావాలి.
అమెరికా వాళ్ల నీలం విమానాలు
రెక్కకూ రెక్కకూ మధ్య
పద్దెనిమిది అంగుళాలే వదుల్తాయట.
మూరెడు!
సాలూరు బస్టాండులో మల్లెపూలమ్మే అప్పయ్యమ్మ
అంత మూర కొలవదు,
మోచెయ్యి మడతలో రెండంగుళాలు మింగేస్తుంది.

ఫ్రాన్సు వాళ్లవి పొట్టివి.
రెండు చిన్న ఇంజన్లు, రెండు వత్తుల దీపం.
మూడు రంగుల పొగతో జెండా ఆరేసి పోతాయి.
"పొగంటే ఏటనుకున్నావు?
మండే గొట్టం వెనక డీజిలూ రంగూ పొయ్యడమే.
తిరగమోత!" అని త్రినాథ్ నవ్వుతూ
కళాయిలో మిరపకాయలు వేస్తాడు.
అందరం దగ్గుతాం.

సాసుబిల్లి కూర్మయ్య దగ్గడు. నవ్వడు.
ముప్ఫై ఒక్కేళ్లు టెస్టు గదిలో.
చెవులు రెండూ అక్కడే వదిలేసి
రిటైరయ్యాడు.
సాయంత్రం కాగానే ఇక్కడికొస్తాడు,
బల్ల చివర, మంకీ టోపీలో.

దాలినాయుడు సైగ చేసి అడిగాడు:
నువ్వు చెప్పు, వీటిల్లో ఏది గొప్ప?

ఫోను తీసుకున్నాడు.
చూడలేదు. అరచేతిలో బోర్లించుకుని
కళ్లు మూసుకున్నాడు.
హాక్ వెళ్లింది. సుఖోయ్ వెళ్లింది.
నీలంవీ, పొట్టివీ.
చీమలబారులా ఏదో ఆ చేతిలో పాకే ఉంటుంది.

"అన్నీ ఒకటే," అన్నాడు,
చెవుడున్నవాళ్ల పెద్ద గొంతుతో.
"ఇది ఫోను వణుకు."

అప్పుడే నీలగిరి చెట్ల అవతల
టెస్టు గదిలో ఏదో ఇంజను అందుకుంది.
ముందు గాజు గ్లాసుల అంచులు,
తర్వాత టీ మీద మీగడ,
ఆ తర్వాత మా పక్కటెముకలు.
కూర్మయ్య అరచెయ్యి బల్ల మీదికి పాకింది,
ఆవు పొట్ట మీద దూడ కోసం వెతికే చెయ్యిలా.

"రెండో గది.
కొత్తది కాదు, బాగుకొచ్చింది.
బోల్టులు తెంచుకోవాలని చూస్తంది.
ఎగరనీకుండా పట్టుకుంటేనేరా
దాని బలం తెలిసేది.
పైన గంతులన్నీ
వదిలేశాక కదా."

కాసేపు ఆగి,
"ముందు బేరింగు. కొంచెం."

బెహరా నా వంక చూశాడు.
రేపు పొద్దున్న పుస్తకం తెరిస్తే
కంపనం: పరిమితి లోపలే
అని ఉంటుందని నాకు తెలుసు.
ఆ గీత కింద ఒక చిన్న ప్రశ్న గుర్తు
పెన్సిలుతో పెట్టాలా వద్దా
అన్నదే తేలలేదు.

హోరు మెల్లగా దిగింది.
దేవమాలి వైపు నుంచి మంచు మొదలైంది.
ఫోనులో తొమ్మిది విమానాలు
ఎవరూ చూడకుండా హృదయం గుర్తు గీసి
దాని మధ్యలోంచి బాణం పోనిచ్చాయి.

ఇంజను పూర్తిగా ఆగేదాకా
ఆయన చెయ్యి తియ్యలేదు.
తర్వాత టీ తాగాడు, చల్లారిపోయిందే,
మీగడతో సహా.