మూడువందల ముప్ఫైమూడు టేపులు

బెయిలొచ్చిందని నాకెవరూ చెప్పలేదు.
"ఊర్వశి జంక్షన్లో చెరుకురసం తాగుతున్నాడు మీ ఎల్లాజీ"
ఫాల్ కుట్టించుకోడానికొచ్చిన పిల్ల అంది.
మీ ఎల్లాజీ అట.
పెడల్ మీద కాలు ఆగింది.
సూది మాత్రం తనంతట తనే ఇంకో రెండు కుట్లేసి ఆగింది.

కోర్టు కానిస్టేబుల్ సన్యాసమ్మ కాగితం చదివి వినిపించింది:
ఇద్దరు జామీనుదారులు, పాతికవేల పూచీ,
సాక్షులను బెదిరించరాదు,
ఫిర్యాదిదారుకు అయిదువందల మీటర్ల లోపలికి రారాదు,
ప్రతి సోమవారం పది నుంచి అయిదు లోపు
స్టేషనులో సంతకం చేయవలెను.
ఫిర్యాదిదారు అంటే నేనేనా అని
రెండుసార్లు అడిగాను.

అయిదువందల మీటర్లు
నాకు గుడ్డలో తెలుసు, వీధిలో తెలీదు.
నా టేపు మీటరున్నర.
రాత్రి లెక్క కట్టాను: మూడువందల ముప్ఫైమూడు టేపులు,
పైన అరమీటరు,
రవికె చేతులకి సరిపోయేంత.

తెల్లారి తమ్ముడి కూతురు ఒక కొస పట్టుకుంది.
షాపు గడప, ఇడ్లీ బండి, రేషన్ డిపో,
నా జబ్బలో కత్తి దిగిన వీధి కుళాయి
(అక్కడ టేపు జారింది, మళ్ళీ కొలిచాం).
"ఏటే రత్నాలూ, రోడ్డుకి జాకెట్టు కుడతావేటి?"
అరుగు మీది ముసలమ్మ నవ్వింది.
నూట ఎనభైఏడో టేపుకి
స్టేషన్ గేటు తగిలింది.

ఎస్సై గారి బల్ల మీద టేపు పెట్టాను.
"సంతకం ఇక్కడ, దూరం అక్కడ.
అతనెక్కడ నిలబడాలి సార్?"
ఆయన నవ్వలేదు.
ఫ్యాను గాలికి కాగితం లేవకుండా వేలు అదిమి
ఆ రెండు వరుసలూ మళ్ళీ చదివాడు.
"కోర్టు రాసింది. మేం మార్చలేం.
పీపీ గారితో పిటిషన్ వేయించండి."

వేశాం. వాయిదా. మళ్ళీ వాయిదా.

రుజువయ్యేదాకా ఎవర్నీ లోపల ఉంచకూడదంటారు, కాదనను.
పూచీకి మనిషి దొరక్క మా అన్న
చెయ్యని దొంగతనానికి ఏడు నెలలున్నాడు
అడవివరం జైల్లో.
వాడికి పెట్టిన క్యారేజీ బరువు ఈ చేతికింకా గుర్తే.
కుట్లు పడిందీ ఈ చేతికే.

సోమవారాలు షాపు మూస్తున్నాను.
శివుడికి ఒక్కపొద్దా అని అడుగుతారు.
అవునంటాను.
పది నుంచి అయిదు దాకా, షట్టరు దించి,
కింద సందులోంచి వచ్చే వెలుగులో
కాజాలు, హుక్కులు కుట్టుకుంటాను.
వాటికి మెషిన్ చప్పుడు అక్కర్లేదు.