రెండో మొగం

జూన్ రెండో తేదీ పొద్దున
ఎర్రగుంట్ల రైలుకట్ట పక్క బడిలో
గడారి మొదటి సందులో దిగింది.
అయిదు గదులు. పన్నెండుకు బడి తెరుస్తారు.
"పదంటే పది దినాలు, హుస్సేనప్పా"
సుబ్బరత్నమ్మ టీచరు వేళ్లు మడిచి చూపించింది.
నాకు లెక్కలు రావని
ఆయమ్మకింకా గుర్తే.

పాత కడప బండలు పీకి పారేయాల.
అద్దాల మాదిరి తెల్ల టైల్సు పరచాల.
కాగితం మింద అట్లే రాసుండాది.
టైల్సు లారీ మాత్రం
బళ్లారి దాటలా.

బండ లేపితే కింద ఏముంటాది?
మన్ను. చీమలు. విరిగిన బలపాలు.
అంచు వంకీలు తిరిగిన రెండు పైసల బిళ్ళ.
ఎవుడో పోగొట్టుకొని ఇంట్లో తన్నులు తిన్న
కాంపాసు ముల్లు.
రెండో గది మూలలో ఒక తేలు,
ఈపు మింద పిల్లలన్నిట్నీ ఎక్కించుకొని
నిమ్మళంగా నడిచిపోయింది,
ఆఖరి బెల్లు కొట్టినాక పోయినట్ల.
ఓబుళమ్మ చెప్పు ఎత్తి, దించేసింది.

మూడో గదిలో నల్లబోర్డు ముందర బండ
సంగటి తట్ట మాదిరి గుంత పడిండాది.
ఎంతమంది అయ్యవార్లు, ఎన్ని జతల చెప్పులు.
సుబ్బరత్నమ్మ టీచరు ఊరికే పోయి
దాంట్లో నిలబడింది.
పాదం సరిపోయింది.
ఏమీ చెప్పలా.
మేమూ అడగలా.

ఆరో తేదీ ఫోనొచ్చింది.
లారీ ఇరుసు విరిగిందంట.
అయిదు గదులూ దున్నిన చేను మాదిరి పడుండాయి.
బయట బండల గుట్ట, ఎండకు కాలి.
ఏఈ సారు గొడుగు కింద నిలబడి
ఇంకో ఫోను, ఇంకో ఫోను.

మద్యాన్నం బువ్వ తినేటప్పుడు
బోర్లా పడిన బండ మింద కూచొని
ఓబుళమ్మ అనింది:
"అడుగు పక్క కొత్తదే కదప్పా.
నా దుప్పటి ఒక పక్క మాసిపోతే
నేను తిరగేసి కప్పుకోనా?"

చెయ్యి కడిగిన నీళ్లే దాని మింద చల్లినా.
అంటుకున్న సున్నం తాపీతో గీకినా.
కింద మబ్బు.
మా సీమకు రాకుండా పక్కకు పోయే మబ్బు
ఇన్నేండ్లూ ఈ బడి కింద
దాక్కోనుండాది.

"తిరగేయడం అనే ఐటం
ఎస్టిమేట్లో లేదు" అన్నాడు ఏఈ సారు.
"అయితే రాసుకోండి" అనింది టీచరు.

ఇంగ రాత్రీ పగలూ ల్యా.
ప్రొద్దుటూరు నుంచి షేక్షావలి
పాలిషు మిషను తెచ్చినాడు.
కరెంటు పోతే లాంతరు, వస్తే మిషను.
నల్ల బురద మోకాళ్ల దాకా.
గూడ్సు పోయినప్పుడల్లా
రసమట్టంలో బుగ్గ వణికేది.
అది నిలబడేదాకా ఒక బీడీ.
సిమెంటు బండ్లు ఎక్కువ పోయిన రాత్రి
బీడీల కట్టే అయిపోయింది.

నాలుగో గదిలో ఒక బండ
చేతికి తగలంగానే తెలిసింది.
పులిజూదం గళ్లు.
మేకుతో గీసింది నేనే,
నాలుగో తరగతిలో, లెక్కల పీరియడ్లో.
దానికి అరచేతి మింద పడిన దెబ్బ
సుబ్బరత్నమ్మ టీచరుదే.
ఎవురూ చూడకముందే తిరగేసి కూర్చోబెట్టినా.
ఇంగ ఆ పులులూ మేకలూ
మన్నుతో ఆడుకోవాల.

గుంత పడిన బండ కూడా అంతే.
గుంత నిండా మాలు పోసి
మెల్లిగా బోర్లించినాం.
పైకి నున్నగా వచ్చింది.
ఆయమ్మ పక్కనుంచి నడిచిపోయింది,
మింద కాలు పెట్టలా.

పదకొండో తేదీ రాత్రి రెండు గంటలకు
ఆఖరి సందు పూసినాం.
ఒక బండ విరిగింది, ఆడ సిమెంటు అతుకేసినా.
ఏఈ సారు దాన్ని ఫోటో తియ్యలా.

పిల్లోళ్లు లోపలికి పోవడం నేను చూడలా,
ముద్దనూరులో ఇంకో పని.
జూలైలో ఫోనొచ్చింది.
"అయిదో గది మూలన ఒక బండ కదులుతాండాది,
హుస్సేనప్పా, వచ్చి చూసిపో."

కదలక ఏం చేస్తాది మేడమ్.
నలభై ఏండ్లు బోర్లా పండుకొని
ఇప్పుడే కదా
ఒళ్లు విరుచుకుంటాండాది.
వస్తా.
ఆదివారం వస్తా.