రెండు కిలోల మూడొందలు

నా డాల్డా డబ్బను కాటా మీద పెట్టిన్రు.
ముల్లు కొంచెం ఊగి నిలబడ్డది.
రెండు కిలోల మూడొందలు, రాస్కో, అన్నడు ఎస్సై.
డబ్బ బరువు తీసెయ్యాలె సార్, అందామనుకున్న.
తూకాల సంగతి బాగనే ఎరుకున్నదే నీకు
అంటడేమోనని
ఊకున్న.

కోయిల్‌సాగర్ కాలువ పక్కపొంటి
రాత్రి ఎవరో ట్రాన్స్‌ఫార్మర్ పలగ్గొట్టిన్రంట.
నూనె బురదల కలిసి
పొద్దుగాల నీలంగ మెరిసిందంట.
కానిస్టేబులు చెప్తుంటె
నేను కాదు, నా చేతులు గుర్తువట్టినయి.
అవి గట్ల గుర్తువట్టుడు
ఎస్సై చూసిండు.

నాలుగేండ్ల కింద నిజంగనే నేను.
కోర్టుల ఆ ముసలాయన నన్నొక్క మాటనలే.
ఎండిన పల్లిచెట్టొకటి పీక్కొచ్చి
జడ్జమ్మ ముంగట బల్ల మీద పెట్టిండు.
ఊడలు దిగినయి, కాయ వట్టలే.
గంతే ఆయన సాక్ష్యం.

జైలొద్దు, బాండు రాయమన్నది జడ్జమ్మ.
మూడేండ్లు మంచిగుండాలె.
మంచిగుండుడంటె ఏందో అందుల లేదు,
నెలనెలా అయిదో తారీఖు
పాలమూరొచ్చి సంతకం పెట్టుమని ఉన్నది.
జమానతు గఫార్ సాబు.
ఆయన ఉర్దూ కుడి నుంచి ఎడమకొచ్చింది
నా పేరు ఎడమ నుంచి కుడికి వాయె.
కుర్మయ్య అన్న అక్షరాలు
కాయితం నడుమల ఆయనకు ఎదురువడ్డయి.

దేవరకద్రల ఆయనది మోటర్ వైండింగు దుకాణం.
రాగి దొంగను తెచ్చి
రాగి నడుమ కూసోవెట్టిండు.
బజారంత నవ్వింది.
తాళపుచెవి నా చేతికే ఇచ్చి నమాజుకు పోయెటోడు.

ముప్పయ్యొక్క సంతకాలయినయి. ఇంక అయిదు.
సంతకం రోజు కూలి ఆరొందలు పాయె
బస్సు కిరాయి అలగ్.
ప్రొబేషన్ మేడం మీటింగుకు పోతె
రేపు రమ్మంటరు, ఇంకో ఆరొందలు.
నేను దొంగతనం చేస్తలేనని
చెప్పొచ్చేటందుకు
పైసలు కావాలె గద.

యాసంగిల నీళ్లడుగంటి మోటర్లు కాలుతయి.
కాలిన కాయిలు కోస్తె
కింద తునకలు రాల్తయి, గోరంత, వేలంత.
సద్దిగిన్నె అడుగున ఏసుకుంటి.
రోజుకు చిటికెడు.
దొంగతనమనుకోలే.
ఊడ్చుడనుకున్న.

వకీలు చెవుల చెప్పిండు:
ట్రాన్స్‌ఫార్మర్ తీగ లావుగుంటది,
నీ డబ్బల తీగ సన్నది.
ఇది దుకాణం రాగి అని మీ సేటు ఒక్క మాటంటె
కేసు నిలవడదు.
ఒక్క మాటనే కుర్మయ్యా.
ఆ మాట ముందుగాల నేను సాబుకు చెప్పాలె.

ఆయన రోజా మీదనే వచ్చిండు.
పెదవులు ఎండి తెల్లగున్నయి.
కూసోమంటె కూసోలే.
"మూడేండ్ల సంది నా దుకాణంల
గింత తీగముక్క పోలే సార్.
ఈ పొలగాడు గసుంటోడు కాదు.
ఏడ సంతకం పెట్టమంటె ఆడ పెడ్త."

ఎస్సై నవ్విండు.
"గట్లనా సాబ్. నీ దుకాణంల పోలే.
మరి ఈ రాగెక్కడిది?"

పంకా తిరుగుతున్నది.
దాని కాయిలు పోయిన నెల నేనే చుట్టిన, ఉత్తగనే.
సాబు నా దిక్కు చూసిండు.
నేను కాటా దిక్కు చూసిన.

డబ్బల చెయ్యి వెట్టి
ఒక తునక తీసిండు.
గోటితోటి వార్నిష్ గీకిండు.
రెండు వేళ్ల నడుమ పెట్టి దొర్లించిండు.
అద్దాలు తియ్యలే, జేబుల్నే ఉన్నయి.
నలభై ఏండ్ల సంది ఆయన
తీగను కండ్లతోని చూడడు.

మెల్లగ మల్ల డబ్బల ఏసి
వేళ్లు అంగికి తుడ్సుకున్నడు.

"ఇర్వై రెండో గేజి," అన్నడు.

ఎస్సైకి అన్నడో
నాకన్నడో.